సర్కారు తుమ్మ కింద పైరు ఎందుకు ఎదగదో మీరే పరీక్షించి తెలుసుకునే విధానం

సర్కారు తుమ్మ పప్పుజాతికి చెందిన చెట్టు. గాలిలోని నత్రజనిని పట్టి ఉంచే బుడిపెలు దాని వేర్లలో ఉంటాయి, రాలిన ఆకు నేలలో కలిసి సేంద్రియ పదార్థాన్ని పెంచుతుంది. అందువల్ల ఆ చెట్టు కింది మట్టిని ప్రయోగశాలకు పంపితే పక్కనున్న బీడు మట్టిలో కంటే నత్రజని, సేంద్రియ కర్బనం తరచుగా ఎక్కువగానే తేలుతాయి. అయినా తొలకరి పడి చుట్టూ పచ్చబడిన తరువాత కూడా ఆ చెట్టు కింద గడ్డి పలుచగా, పసుపుగా మొలుస్తుంది, చాలాచోట్ల అసలు మొలవదు. సారం ఉన్న నేల మీద మొలక ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నకు, ఇంట్లోనూ బజారులోనూ దొరికే సామగ్రితో జవాబు వెతికే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. కంప కొట్టించి పొలం బాగు చేసుకోదలచిన రైతులకూ, పిల్లలచేత ప్రయోగం చేయించదలచిన సైన్సు ఉపాధ్యాయులకూ ఇది ఉపయోగపడుతుంది.

ఒక మొక్క తన ఆకులు, వేర్లు, గింజల నుంచి రసాయనాలను విడిచి పక్క మొక్కల ఎదుగుదలను ప్రభావితం చేయడాన్ని అల్లెలోపతి అంటారు. 1937లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ ఈ పేరు పెట్టారు. ఈ రసాయనాలు నాలుగు దారుల్లో మొక్క నుంచి బయటికి వస్తాయి: వాన నీరు ఆకుల మీదుగా జారేటప్పుడు కరిగి దిగుతాయి, రాలిన ఆకు కుళ్లేటప్పుడు విడుదలవుతాయి, బతికి ఉన్న వేర్లు వాటిని స్రవిస్తాయి, కొన్ని మొక్కల్లో ఆవిరిగా గాలిలో కలుస్తాయి. సర్కారు తుమ్మ విషయంలో ప్రధానమైనది ఆకు. దాని ఆకుల నుంచి జూలిప్రోసోపిన్ వంటి ఆల్కలాయిడ్లను, సిరింజిన్‌ను, ఎల్-ట్రిప్టోఫాన్‌ను శాస్త్రవేత్తలు వేరుచేసి, అవి ఇతర మొక్కల మొలకల వేర్లను కురచబరుస్తాయని చూపారు. ట్రిప్టోఫాన్ మన ఆహారంలోనూ ఉండే సాధారణమైన ఎమైనో ఆమ్లమే. అయినా లేత వేరు చుట్టూ అది మోతాదు మించి చేరితే ఎదుగుదలను ఆపగలదు. కాబట్టి ఈ రసాయనాల గురించి మాట్లాడేటప్పుడు అది విషమా కాదా అని కాక, ఎంత మోతాదులో, ఎక్కడ, ఎంతకాలం ఉంటుందని అడగాలి. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ ప్రశ్న చుట్టూ కూర్చినవే.

ఈ చెట్టుకూ తెలుగు నేలకూ పాత సంబంధం ఉంది. వంటచెరకు కొరత తీర్చడానికి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు విదేశాల నుంచి దీని విత్తనం తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. దేశంలో దీన్ని మొదట నాటిన చోట్లలో ఒకటిగా చరిత్రలో నమోదైనది ఆ ఊరే. మధ్య, దక్షిణ అమెరికాలు, కరీబియన్ దీవులు దీని పుట్టిళ్లు. పుట్టినచోట ఇది ఇంత కఠినంగా ఉండదు. వెనిజులాలో దీని కొమ్మల కింద బయటి కంటే ఎక్కువ రకాల మొక్కలు పెరుగుతుండగా, మన దేశంలో దీని కింద మొక్కల రకాలు తగ్గిపోతున్నాయని 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అదే అధ్యయనంలో మన జమ్మి చెట్టును కూడా పరిశీలించారు. జమ్మి, సర్కారు తుమ్మ దగ్గరి బంధువులు. అయినా జమ్మి కింద స్థానిక మొక్కలు బాగా పెరుగుతాయి. రాజస్థాన్‌లో రైతులు జమ్మి చెట్లను పొలం మధ్యలోనే ఉంచుకుని వాటి కింద సజ్జ పండిస్తారు.

ఈ తేడాకు శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణ ఏమిటంటే, వలస వచ్చిన మొక్క రసాయనాలు పుట్టినచోటి పొరుగు మొక్కలకూ నేలలోని సూక్ష్మజీవులకూ తరతరాలుగా అలవాటైనవి, కొత్తచోటి మొక్కలకు మాత్రం అవి పూర్తిగా కొత్తవి. రాగన్ కాలవే, ఎరిక్ ఆషెహౌగ్ అనే శాస్త్రవేత్తలు 2000లో ఐరోపా, ఆసియాల నుంచి అమెరికాకు చేరిన ఒక కలుపు మొక్కను రెండు ఖండాల గడ్డిజాతులతో కలిపి కుండీల్లో పెంచారు. ఆ కలుపు అమెరికా గడ్డినే ఎక్కువగా దెబ్బతీసింది. మట్టిలో యాక్టివేటెడ్ కార్బన్ (పట్టు పెరిగేలా ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) పొడి కలపగానే అమెరికా గడ్డి కొంత కోలుకుంది. ఈ పొడి రసాయనాలను పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆ దెబ్బలో రసాయనాల పాత్ర ఉన్నట్లు దాంతో తేలింది. మనం చేయబోయే కుండీల పరీక్షకు ఆ ప్రయోగమే మూలం.

ముందుగా చెట్టు దగ్గర చూడవలసినవి

తొలకరి తరువాత రెండు మూడు మంచి వానలు పడి, చుట్టుపక్కల గడ్డి మొలిచిన వారం పది రోజులకు చెట్టు దగ్గరికి వెళ్లండి. మందపాటి చెప్పులు కాదు, బూట్లే వేసుకోండి. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును దాటి దిగుతుంది, దిగినచోట చీము పడుతుంది. నాలుగు కర్రలు కట్టి ఒక మీటరు చదరపు చట్రం చేసుకుని, దాన్ని మొదలు దగ్గర ఒకసారి, కొమ్మల అంచు కింద ఒకసారి, అంచు నుంచి నాలుగైదు మీటర్ల అవతల ఎండపడే చోట ఒకసారి నేల మీద పెట్టి, లోపల ఎన్ని రకాల మొక్కలు, ఎన్ని మొలకలు ఉన్నాయో రాసుకోండి. ఒక్క చెట్టు దగ్గర చూసి నిర్ణయానికి రాకూడదు, కనీసం ఐదు చెట్ల దగ్గర చూడాలి. ఊళ్లో జమ్మి చెట్టు ఉంటే దాని కింద కూడా ఇదే లెక్క తీయండి. గుడి ఆవరణలో మనుషులు తొక్కే చోటును వదిలి, పొలంలోనో గట్టు మీదనో ఉన్న జమ్మిని ఎంచుకోవడం మంచిది.

ఈ లెక్క తేడాను చూపుతుందే తప్ప కారణాన్ని చెప్పదు. చెట్టు కింద నీడ ఉంది, పైపొర వేర్లు తేమను లాగుతాయి, మేకలు అక్కడే నిలబడి తొక్కుతాయి. నీడ సంగతి తేల్చుకోవడానికి ఎండపడే చోట రెండు మూడు చదరాల మీద నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి ఉంచండి. వల కింద గడ్డి మొలిచి, చెట్టు కింద మొలవకపోతే నీడ ఒక్కటే కారణం కాదని తెలుస్తుంది.

ఆకు కషాయంతో మొలకల పరీక్ష

చెట్టు కింద రాలిన ఎండుటాకును చీపురుతో ఊడ్చి తేకుండా, పైపొరలో ఉన్న పొడి ఆకును చేత్తో ఏరి తీసుకోండి. ఊడిస్తే మట్టి, మేక పెంటికలు కలిసి ఫలితం తప్పుతుంది. పోలిక కోసం జమ్మి ఎండుటాకును కూడా అంతే తీసుకోండి. రెండింటినీ నీడలో ఆరబెట్టి వేరువేరుగా పొడి చేయండి. పది గ్రాముల పొడిని 200 మిల్లీలీటర్ల నీటిలో వేసి, మూతపెట్టి, చల్లని చోట 24 గంటలు ఉంచి, పలుచని గుడ్డతోనూ తరువాత కాఫీ వడకట్టే కాగితంతోనూ వడకట్టండి. ఇది 5 శాతం కషాయం. దీన్ని సగానికి సగం నీటితో పలుచన చేస్తే 2.5 శాతం, మళ్లీ సగం చేస్తే 1.25 శాతం వస్తుంది. మరిగించవద్దు, ఎందుకంటే వాన నీరు ఆకును మరిగించదు. 24 గంటలు మించి నానబెట్టినా పులిసిన వాసన వస్తుంది. అప్పుడు గింజను ఆపేది ఆకులోని రసాయనమో, పులుపులోని ఆమ్లమో చెప్పలేము.

హోటళ్లలో పార్శిల్‌కు ఇచ్చే మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు ఈ పనికి సరిపోతాయి. అడుగున రెండు పొరల టిష్యూ కాగితం పరిచి, ఒక్కోదానిలో 20 గింజలు సర్ది, 5 మిల్లీలీటర్ల ద్రవం పోయండి. మంచినీటికి ఒక రకం, సర్కారు తుమ్మకు మూడు బలాలు, జమ్మికి మూడు బలాలు కలిపి ఏడు రకాలవుతాయి. ఒక్కో రకానికి మూడు డబ్బాల చొప్పున మొత్తం 21 డబ్బాలు, 420 గింజలు కావాలి. గింజల్లో ఆవాలు త్వరగా స్పందిస్తాయి, పైగా చవక. ఆవాలతో పాటు మీరు ఆ పొలంలో వేయదలచిన సజ్జనో, జొన్ననో, పెసరనో కూడా పరీక్షించండి, ఎందుకంటే ఒక పంటను ఆపిన మోతాదు మరో పంటను ఆపకపోవచ్చు. మందు పట్టించిన గులాబీ రంగు విత్తనం వాడకూడదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. దాదాపు ఏ ఆకునైనా చిక్కగా నానబెట్టి గింజల మీద పోస్తే మొలక తగ్గుతుంది. తోటకూరతో చేసినా అంతే. చిక్కని ద్రవంలో కరిగిన లవణాలు, చక్కెరలు గింజ నీరు పీల్చుకోవడాన్నే అడ్డుకుంటాయి, దాన్ని ఆకు రసాయనాల ఘనతగా భావిస్తే పొరబడినట్టే. అందుకే జమ్మి ఆకు పోలిక అవసరమైంది, పలుచని మోతాదులు అవసరమయ్యాయి. వాటర్ ఫిల్టర్లు బిగించేవారి దగ్గర టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను చూపేది) దొరికితే ఇంకో జాగ్రత్త తీసుకోవచ్చు. మీ 5 శాతం కషాయం టీడీఎస్ ఎంత ఉందో చూసి, అంతే టీడీఎస్ వచ్చేలా మంచినీటిలో ఉప్పు కలిపి, ఆ ఉప్పునీటితో మరో మూడు డబ్బాలు పెట్టండి. మీటరుకు చక్కెరలు అందవు కాబట్టి ఇది పూర్తి పోలిక కాదు, కానీ లవణాల ప్రభావం ఎంతో కొంతవరకు తేలుతుంది.

డబ్బాలను ఎండ తగలని, వెచ్చని గదిలో ఉంచి, రోజూ ఒకే వేళకు మూత తీసి చూడండి. వేరు 2 మిల్లీమీటర్లు బయటికి వచ్చిన గింజను మొలిచినట్టు లెక్కించండి. ఐదో రోజు ఒక్కో మొలకను నల్లని కాగితం మీద పరిచి, వేరు వంకరగా ఉంటే దారంతో కొలిచి, స్కేలు మీద పెట్టి పొడవు రాసుకోండి. మొలిచిన గింజల సంఖ్య కంటే వేరు పొడవే ఎక్కువ సమాచారం ఇస్తుంది. గింజ తనలోని తిండితో మొలకెత్తగలదు, కానీ వేరు కొన నేరుగా ఆ ద్రవంలో బతకాలి. మంచినీటి డబ్బాలో ఆవ మొలక వేరు తెల్లగా, నిటారుగా దిగి, కొన వెనుక సన్నని బూజులా కనిపించే మూలకేశాలతో నిండి ఉంటుంది. ఆ నూగును చూసి బూజు పట్టిందనుకుని కొత్తవారు డబ్బాను పారేస్తుంటారు. నీటి చుక్క వేస్తే నూగు వేరుకు అంటుకుపోతుంది, నిజమైన బూజు అలా కనుమరుగవదు. దెబ్బతిన్న మొలకలో వేరు మొద్దుగా ఉండి, కొన గోధుమ రంగుకు తిరుగుతుంది, మూలకేశాలు పలుచబడతాయి. కాండం మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. భూతద్దం ఉంటే ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది.

లెక్క తేలికే. ఉదాహరణకు మంచినీటిలో వేరు సగటు 40 మిల్లీమీటర్లు, కషాయంలో 16 మిల్లీమీటర్లు వస్తే 60 శాతం తగ్గినట్టు. 5 శాతం దగ్గర రెండు ఆకులూ ఒకేలా ఆపి, 1.25 శాతం దగ్గర సర్కారు తుమ్మ మాత్రమే ఆపితే అది గట్టి సూచన. అన్ని బలాల దగ్గరా జమ్మి, సర్కారు తుమ్మ ఒకేలా ఉంటే మీ చెట్టు కింద అసలు కారణం నీడో, నీటి పోటీయో అయి ఉండవచ్చు. వచ్చిన ఫలితాన్ని వచ్చినట్టే రాసుకోండి.

మట్టితో కుండీల పరీక్ష

డబ్బాలో మట్టి లేదు. పొలంలో మట్టి కణాలు రసాయనాలను పట్టి ఉంచుతాయి, సూక్ష్మజీవులు వాటిని విరగ్గొడతాయి, వాన వాటిని కిందికి దించుతుంది. కాగితం మీద గట్టిగా పనిచేసిన రసాయనం రేగడి మట్టిలో ఏమీ చేయకపోవచ్చు. నా దృష్టిలో ఈ రెండో పరీక్ష చేయకుండా ఫలానా చెట్టు నేలను పాడు చేస్తుందని చెప్పడం న్యాయం కాదు.

సర్కారు తుమ్మ లేని పొలం నుంచి మట్టి తెచ్చి జల్లెడ పట్టి, కిలో మట్టి పట్టే నర్సరీ సంచుల్లో నింపండి. కొన్నిటిని మట్టితోనే వదిలేయండి, కొన్నిటిలో పది గ్రాముల సర్కారు తుమ్మ ఎండుటాకు పొడి, కొన్నిటిలో పది గ్రాముల జమ్మి ఆకు పొడి కలపండి. ఈ మూడు రకాలనూ యాక్టివేటెడ్ కార్బన్ పొడి కలిపి మళ్లీ ఒకసారి పెట్టండి. కిలో మట్టికి 15 నుంచి 20 గ్రాములు చాలు. అక్వేరియం సామగ్రి అమ్మే దుకాణాల్లో ఇది గుళికలుగా దొరుకుతుంది, దంచి పొడి చేసుకోవాలి. కుంపటి బొగ్గు దీనికి ప్రత్యామ్నాయం కాదు. దాని పట్టు చాలా తక్కువ, అందులోని బూడిద మట్టి క్షారతను పెంచుతుంది. కార్బన్ పోషకాలను కూడా కొంత పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆకు కలపని మట్టికి కూడా దాన్ని కలిపి చూడటం తప్పనిసరి. అలా ఆరు రకాలు, రకానికి మూడేసి సంచులు.

అన్నిటికీ ఒకే కొలతతో నీరు పోయండి, అడుగు నుంచి కారిపోయేంత పోయవద్దు. సంచికి ఎనిమిది గింజలు వేసి, మొలిచిన తరువాత ఐదింటిని ఉంచి, నాలుగు వారాలకు కోసి, వేర్లు కడిగి, ఆరబెట్టి తూచండి. ఆకు కలిపిన మట్టిలో మొక్క తగ్గి, అదే ఆకుకు కార్బన్ తోడైన మట్టిలో కోలుకుంటే రసాయన ప్రభావానికి మీ చేతిలో మంచి ఆధారం ఉన్నట్టే. జమ్మి ఆకు సంచుల్లో కూడా మొదట కొంత వెనకబాటు కనిపించవచ్చు. కుళ్లుతున్న ఏ ఆకైనా సూక్ష్మజీవులకు మేతై, అవి నత్రజనిని తాత్కాలికంగా వాడుకుంటాయి.

వీలైతే ఇంకో వరుస సంచులను అదే రోజు సిద్ధం చేసి, గింజలు వేయకుండా తడి చేస్తూ నెల రోజులు ఉంచి అప్పుడు విత్తండి. రైతుకు అన్నిటికంటే పనికొచ్చే అంకె ఇక్కడే వస్తుంది, ఎందుకంటే ఆకు కలిసిన నేల ఎన్నాళ్లు ఆగితే విత్తుకు అనువవుతుందో మీ మట్టే చెబుతుంది.

వయ్యారిభామను పరీక్షించేటప్పుడు

ఇదే పద్ధతి వయ్యారిభామ (పార్థీనియం) కలుపుకు కూడా వర్తిస్తుంది, కానీ చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. దాని ఆకుల మీది సన్నని నూగులో ఉండే పార్థెనిన్ అనే రసాయనం చర్మానికి దద్దుర్లు తెస్తుంది, పుప్పొడి ఉబ్బసం రేపుతుంది. పిల్లలచేత ఈ మొక్కతో ప్రయోగం చేయించకూడదు. పార్థెనిన్‌తో పాటు కెఫీక్, ఫెరూలిక్, వెనిల్లిక్ వంటి ఫినాలిక్ ఆమ్లాలు కూడా ఈ మొక్క నుంచి నేలకు చేరతాయి. వెచ్చని, తేమ ఉన్న నేలలో పార్థెనిన్ కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది, కాబట్టి పొడి కలిపిన వెంటనే విత్తిన సంచికీ, మూడు వారాల తరువాత విత్తిన సంచికీ తేడా బాగా కనిపించాలి. దీనికి పెసర మంచి పరీక్ష పంట. నెల రోజుల మొక్కను వేర్లు తెగకుండా తవ్వి, నీటిలో జాడించి, బుడిపెలు లెక్కపెట్టండి. కొన్నిటిని బ్లేడుతో కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పని సాగుతోంది, ఆకుపచ్చగానో బూడిద రంగుగానో ఉంటే ఆ బుడిపె పనిచేయడం లేదు. పైన ఆకులు పచ్చగానే ఉన్నా కింద బుడిపెలు తగ్గిపోయిన సందర్భాలను ఈ పరిశీలనే బయటపెడుతుంది.

ఫలితాన్ని పొలంలో ఎలా వాడుకోవాలి

రసాయన ప్రభావం ఉందని తేలితే కంప తీసే పని వరుస మారుతుంది. సాధారణంగా చెట్టును నేల మట్టానికి కొట్టి, కొమ్మలు అమ్ముకుని, ఆకును అక్కడే వదిలి దుక్కి దున్నుతారు. దీనివల్ల రెండు నష్టాలు: మొదలు మళ్లీ గుబురుగా చిగురిస్తుంది, ఆకు విత్తనం పడే పొరలోనే కలుస్తుంది. కాండం, వేరు కలిసే మొదలు గడ్డలోనే చిగురించే మొగ్గలు ఉంటాయి కాబట్టి, నేల తడిగా ఉన్నప్పుడు కనీసం ఒక అడుగు లోతు వరకు ఆ గడ్డను పూర్తిగా పెకలించాలి. చెట్టును పడగొట్టడానికి ముందే కింది ఎండుటాకును పొడి వాతావరణంలో పంజాతో లాగి కుప్ప చేయాలి. పచ్చి కొమ్మలను పొలంలో ఎండనివ్వకుండా బయటికి చేర్చాలి, ఎందుకంటే ఎండిన రెమ్మల నుంచి ఆకు మొత్తం అక్కడే రాలిపోతుంది. కుప్ప చేసిన ఆకును పేడ కలిపి గుంతలో నాలుగైదు నెలలు మగ్గించి, ఆ కంపోస్టును ఆవాలతో మొలక పరీక్ష చేసి వాడుకోవచ్చు. దానిలోని నత్రజనిని వృథా చేయనవసరం లేదు.

వేసవిలో లోతు దుక్కి చేసి, రెండు మూడు గట్టి వానలకు నేలను తడవనిచ్చిన తరువాతే విత్తుకోండి. ఎన్ని వారాలు ఆగాలో మీ సంచుల పరీక్ష చెప్పినదాన్నే నమ్మండి. ఇసుక నేలలో రసాయనాలు త్వరగా దిగిపోతాయి, బంక నేలలో మెల్లగా కదులుతాయి. మొదటి పంటగా ఖరీదైన విత్తనం వేయవద్దు. జనుమునో సజ్జనో ఒత్తుగా చల్లితే నేల కప్పుకుంటుంది, కొత్తగా మొలిచే కంప మొలకలకు వెలుతురు తగ్గుతుంది. ఆ మొలకలు తప్పక వస్తాయి. ఈ చెట్టు కాయలను గొర్రెలు, మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి, గింజలు అరగకుండా పేడలోనూ పెంటికల్లోనూ బయటికి వచ్చి మొలకెత్తుతాయి. బాగు చేసిన పొలంలో మంద కట్టించదలిస్తే, ఆ మంద ముందు వారం కాయలున్న బీడులో మేసిందో లేదో కాపరిని అడిగి తెలుసుకోండి. పచ్చి పేడ ఎరువు వేసే బదులు బాగా మాగిన ఎరువే వేయండి. జానెడు ఎత్తు దాటకముందు మొలకను చేత్తో వేరుతో సహా లాగవచ్చు. ఒక వర్షాకాలం వదిలేస్తే మళ్లీ యంత్రం పిలవవలసి వస్తుంది.

గట్ల మీద ఖాళీ అయిన చోట జమ్మి నాటితే మంచిది, అది మెల్లగా ఎదిగినా కింద పంటను నిలబెడుతుంది. మొదటి మూడేళ్లు దానికి మేకల నుంచి కంచె కావాలి. పెకలించిన సర్కారు తుమ్మ ముళ్ల రెమ్మలే అందుకు పనికొస్తాయి, అయితే ఆకు పూర్తిగా దులిపిన ఎండు రెమ్మలనే, కాయలు లేకుండా చూసి వాడండి. రెండో ఏడు తొలకరికి ముందు, పాత చెట్లు ఉన్న చోట్ల నుంచి ఐదారు చోట్ల పైమట్టి తీసి, బయటి మట్టితో పక్కపక్కన పెట్టి ఆవాలు మొలిపించి చూడండి. వేర్ల పొడవులో తేడా లేకపోతే ఆ ఏడాది కందినో వేరుశనగనో ధైర్యంగా వేసుకోవచ్చు.